బాటిల్ మీద మార్కర్‌తో రాసిన మాట

జగిత్యాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె ఇంట్లో బీడీలు చుడతారు. భర్త పదకొండేళ్లు మస్కట్‌లో పనిచేసి పోయిన ఉగాదికి ముందు పూర్తిగా వచ్చేశారు. అబ్బాయికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. పాప ఐదో తరగతి. "ఇన్నేళ్లు కష్టపడ్డది వీళ్ల చదువు కోసమే కదా" అని తండ్రి అబ్బాయిని ఊరి బడి మాన్పించి, జూన్‌లో టౌన్‌లో ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు స్కూల్లో వేశారు. పొద్దున ఏడున్నరకు వ్యాన్ ఎక్కితే సాయంత్రం ఆరింటికి దిగుతాడు. దిగగానే ఫోన్. నలుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆట. రాత్రి ఒంటిగంట, రెండు దాకా దుప్పటి కింద అదే. తండ్రి ఫోన్‌పే నుంచి చెప్పకుండా 800 రూపాయలు ఆటలో డైమండ్స్‌కు పెట్టాడు.

రెండు వారాల కిందట లంచ్ టైంలో తోటి పిల్లాణ్ని స్టీల్ వాటర్ బాటిల్‌తో కొట్టాడు. ఎడమ కనుబొమ్మ మీద ఐదు కుట్లు పడ్డాయి. ప్రిన్సిపాల్ పిలిపించి, "మీవాడు రోజూ ఫోన్లో చంపుడు ఆట ఆడతాడట, ఇది దాని ఫలితమే. ఫోన్ మాన్పించండి, లేకపోతే టీసీ తీసుకుపోండి" అన్నారు. దెబ్బ తగిలిన పిల్లాడి తండ్రి పోలీసులకు కంప్లయింట్ ఇస్తానంటున్నారు. ఇంటికొచ్చాక తండ్రి అబ్బాయిని బెల్టుతో కొట్టి, ఫోన్‌ను వాకిట్లో బండ మీద పెట్టి సుత్తితో పగలగొట్టారు. అప్పటినుంచి వాడు మాట్లాడటం లేదు. ఒక పూట తింటే ఒక పూట తినడు.

ఆమె అడిగింది ఇది: "నా కొడుకు ఇంతకుముందు చీమకు కూడా హాని చేసెటోడు కాదు. ఇదంతా ఆ గేమ్ వల్లనే కదా? అమెరికాల పిల్లలు బడిల తుపాకులతోటి కాల్చేది కూడా వీటి వల్లనే అని టీవీల చెప్పిన్రు. గవర్నమెంటు ఎందుకు బంద్ పెట్టదు? ఫోన్ మళ్ల ఇయ్యాల్నా, వద్దా? స్కూల్ మార్చాల్నా?"

* * *

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. 'గేమ్' అన్న మాట పద్నాలుగుసార్లు వచ్చింది. దెబ్బ తగిలిన పిల్లాడు ఒకే ఒక్క వాక్యంలో వచ్చాడు, అదీ పేరు లేకుండా. తప్పు పట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. ఇంట్లో ఇంత గొడవ జరిగితే ఎవరి చూపైనా ఎదురుగా ఉన్న కారణం మీదకే పోతుంది. ఫోన్ ఎదురుగా ఉంది. స్కూల్ వాళ్లూ దాన్నే చూపించారు. అయితే ఆ పద్నాలుగు 'గేమ్'ల మధ్య మీరు గబగబా రాసి దాటేసిన వాక్యాలు కొన్ని ఉన్నాయి. నాకు అసలు ఉత్తరం వాటిలోనే కనిపించింది.

వాటి దగ్గరికి వెళ్లేముందు, ఈ రోజే చేయాల్సిన పని ఒకటి చెబుతాను.

దెబ్బలు తిని, రెండు వారాలుగా నోరు విప్పకుండా, సరిగ్గా తినకుండా ఉన్న పిల్లాణ్ని "మొండికేశాడు, వాడే దారికొస్తాడు" అని వదిలేయకండి. రాత్రిపూట వాడి పక్కనే పడుకోండి. దీపం ఆర్పాక, మొహాలు కనిపించనప్పుడు, మెల్లగా అడగండి: "నీకు చచ్చిపోవాలని ఏమన్నా అనిపిస్తుందారా? ఎక్కడికన్నా వెళ్లిపోవాలనిపిస్తుందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని పెద్దవాళ్లు భయపడతారు. పుట్టదు. లోపల ఉన్నది బయటికి రావడానికి దారి దొరుకుతుంది, అంతే. అవునన్నా, జవాబు చెప్పకుండా ఏడ్చినా, అప్పుడే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న మానసిక ఆరోగ్య సహాయ నంబర్. డబ్బు తీసుకోరు, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. వాడు ఏమీ అనకపోయినా, తిండి ఇలాగే ఉంటే ఈ వారంలోనే జిల్లా ఆసుపత్రిలో డాక్టర్‌కు చూపించండి.

ఇప్పుడు మీరు దాటేసిన వాక్యాల సంగతి.

మూడో పేజీలో ఇలా రాశారు: "జూలైల ఇంగ్లిష్ పాఠం చదువుకుంట ఐలాండ్ అనే మాటను ఇస్లాండ్ అని చదివిండంట. అప్పటినుంచి వాని పేరే ఇస్లాండ్ అయింది. వ్యాన్‌ల కూడా అట్లనే పిలుస్తరంట. పిల్లలన్నంక ఇవి మామూలే." ఆ వెంటనే మళ్లీ గేమ్ గురించి మొదలుపెట్టారు.

నాలుగో పేజీలో ఇంకొకటి. స్కూల్ వాళ్లు ఆ స్టీల్ బాటిల్ తిరిగిచ్చారు. దాని మీద నల్ల మార్కర్‌తో ఇంగ్లిష్ అక్షరాలు. మీరు కొబ్బరిపీచుతో రుద్దినా పోలేదు. మీకు ఇంగ్లిష్ రాదు కాబట్టి పాపను పిలిచి చదివించారు. పాప చదివింది: ఐలాండ్. వాడు ఇస్లాండ్ అని చదివింది ఆ అక్షరాలనే.

అమ్మా, ఆ బాటిల్‌ను ఇక రుద్దకండి. పారేయకండి. కొన్నప్పుడు వాడి పేరు చెక్కించిన బాటిల్ అని కూడా మీరే రాశారు. ఆ పేరు మీద ఎవరో ఇంకో పేరు రాశారు. జూలై నుంచి నవంబర్ దాకా లెక్క వేయండి. పొద్దున వ్యాన్‌లో ఒకసారి, క్లాసులో ఒకసారి, లంచ్‌లో, మళ్లీ సాయంత్రం వ్యాన్‌లో. ఇంగ్లిష్ పీరియడ్‌లో లేచి నిలబడాలంటే వాడికి కాళ్లు ఎలా వణికి ఉంటాయో నాకు తెలుసు. నేను ఇరవై ఆరేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. తెలుగు మీడియం నుంచి వచ్చి, నోరు తెరిస్తే నవ్వుతారేమోనని బెంచీకి అతుక్కుపోయిన పిల్లలను ఎందరినో చూశాను.

మూడో వాక్యం: "పాత బడి దోస్తులు ఇద్దరు, ఇంకెవరో ఒకడు, మొత్తం నలుగురు కలిసి ఆడతరు. దుప్పటి కింద నుంచి 'నేను పడ్డ, లేపురా, నన్ను లేపురా' అని గుసగుస వినబడుతది." మీకు అది పిచ్చి మాటలా వినిపించింది. ఆ ఆటల్లో దెబ్బ తిని కూలబడ్డవాణ్ని జట్టులోవాడు వచ్చి లేపొచ్చు. దాన్ని రివైవ్ అంటారు. పగలంతా ఇస్లాండ్ అని పిలిపించుకున్న పిల్లాడు రాత్రి తన పాత దోస్తులను 'నన్ను లేపండి' అని అడుగుతున్నాడు, వాళ్లు వచ్చి లేపుతున్నారు. వాడి రోజు మొత్తంలో అలా జరిగే చోటు అదొక్కటే అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

నాలుగోది వాడు పాపతో అన్న మాట: "బాపు మళ్ల ఎప్పుడు పోతడు?" దీని దగ్గరికి చివర్లో వస్తాను.

మీ మొదటి ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. గేమ్ వల్లే వాడు కొట్టాడని నేను అనుకోవడం లేదు. అలాగని గేమ్‌కు ఏ పాపమూ తెలియదనీ అనను.

అమెరికా సంగతి అడిగారు కదా. 1999 ఏప్రిల్ 20న కొలరాడో రాష్ట్రంలో కొలంబైన్ అనే హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపారు. ఆ రోజు 12 మంది విద్యార్థులు, ఒక టీచర్ చనిపోయారు. కాల్చినవాళ్లిద్దరూ డూమ్ అనే తుపాకుల ఆట ఆడేవాళ్లని తెలియగానే వేలెత్తి చూపడం దానివైపే మొదలైంది. టీవీలో మీరు విన్నది ఆ మాటకు కొనసాగింపే. ఆ తర్వాత అక్కడి అధ్యక్షుడి భద్రత చూసే సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి పాతికేళ్లకు పైగా జరిగిన 37 ఇలాంటి దాడులను, వాటిని చేసిన 41 మందిని ఒక్కొక్కరిగా పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. హింస ఉన్న వీడియో గేమ్‌ల మీద ఆసక్తి కనిపించింది వాళ్లలో 12 శాతం మందిలో. దాడికి ముందు ఇతరుల చేతిలో వేధింపులో, బెదిరింపులో, దెబ్బలో అనుభవించామని భావించినవాళ్లు 71 శాతం. ఏడిపించబడిన ప్రతివాడూ తుపాకీ పట్టడని మనకు తెలుసు, మీ వాడు చేసింది ఆ కోవలోది అసలే కాదు. కానీ ఎటు చూడాలో ఆ రెండు అంకెలు చెబుతున్నాయి.

2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లలు దాదాపు వెయ్యి మందిని, వాళ్ల తల్లిదండ్రులను అడిగి చూశారు. హింస ఉన్న ఆటలు ఆడటానికీ, పిల్లల దూకుడు ప్రవర్తనకూ సంబంధం కనిపించలేదు. అమెరికాలోని మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ మాట ఇంకొంచెం జాగ్రత్తగా ఉంటుంది. అలాంటి ఆటలకూ, అరవడం, తోసేయడం లాంటి దూకుడుకూ చిన్నపాటి సంబంధం ఉందని అది 2020లో మళ్లీ చెప్పింది. కానీ కొట్టి గాయపరచడం, చంపడం లాంటి హింసకు ఆటలే కారణమనడానికి తగిన ఆధారం లేదని, నెపం వాటి మీద వేస్తే అసలు కారణాల మీద నుంచి చూపు పక్కకు పోతుందని కూడా చెప్పింది. ఆ చివరి మాటే మీ ఇంట్లో జరిగింది. ప్రిన్సిపాల్ 'గేమ్' అనగానే బాటిల్ మీద ఎవరు రాశారో అడగాల్సిన పని ఆయనకు లేకుండా పోయింది.

నేనూ ఆ పని చేసినదాన్నే. తొంభైలలో మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లాడు ఇంకొకణ్ని రాయితో కొట్టాడు. స్టాఫ్‌రూమ్‌లో అందరం "సినిమాలు చూసి పాడైపోయాడు" అన్నాం. నేను కూడా అన్నాను. నెల గడిచాక తెలిసింది, హాస్టల్‌లో పెద్ద పిల్లలు రోజూ వాడి అన్నం లాక్కునేవాళ్లని. ఆ నెల రోజులు వాడు నా క్లాసులో మూడో బెంచీలో ఆకలితోనే కూర్చున్నాడు. నేను ఒక్కసారి కూడా అడగలేదు. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు, అందుకే మీకు ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ఇంకోవైపు కూడా చూడాలి. 'ఇదంతా గేమ్ చేయించింది' అని మనం అంటే మీ వాడు కూడా అదే నేర్చుకుంటాడు: నేను కాదు, ఆట చేయించింది. అది వాడికి మంచిది కాదు. బాటిల్ ఎత్తింది వాడి చెయ్యి. కనుబొమ్మ మీద తగిలింది కాబట్టి ఐదు కుట్లతో పోయింది, ఒక అంగుళం కిందికి తగిలితే ఆ పిల్లాడి కన్ను పోయేది. ఈ మాట వాడికి సూటిగా చెప్పాలి. "నిన్ను ఏడిపించడం తప్పు. దానికి నువ్వు తల పగలగొట్టడం ఇంకా పెద్ద తప్పు. ఒకటి ఇంకొకదానితో చెల్లు కాదు." కోపంగా కాదు, అన్నం పెడుతూ చెప్పినట్టు చెప్పండి. 

గేమ్ తప్పు ఎక్కడుందో కూడా చెప్పాలి కదా. నా దృష్టిలో మొదటిది నిద్ర. రెండింటికి పడుకుని ఆరింటికి లేచే పదమూడేళ్ల పిల్లాడికి రోజూ నాలుగు గంటల నిద్ర. ఆ వయసుకు ఎనిమిది గంటలకు తగ్గకూడదు. నిద్ర చాలని పిల్లాడు చిన్న మాటకే భగ్గుమంటాడు. నిద్ర నిండిన రోజు ఓర్చుకునే వెక్కిరింతను నిద్ర లేని రోజు ఓర్చుకోలేకపోయి ఉండొచ్చు. ఆటలోని తుపాకుల కంటే ఆట తిన్న రాత్రుల గురించే నాకు ఎక్కువ టెన్షన్. రెండోది డబ్బు. ఆ 800 రూపాయలు వాడు తిరిగి కట్టాలి. పండక్కి చేతికొచ్చే డబ్బుల్లోంచో, ఇంటి పని చేసో, నెమ్మదిగా కట్టనివ్వండి. ఫోన్‌పే పిన్ మార్చేయండి. మూడోది ఆ 'ఇంకెవరో ఒకడు'. ఆ నాలుగోవాడు ఎవరో, ఎంత వయసువాడో మీకు తెలిసి తీరాలి.

గవర్నమెంట్ ఎందుకు ఆపదని అడిగారు. ఆపి చూశారు. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు పబ్జీ అనే తుపాకుల ఆటను నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్లను అరెస్టు కూడా చేశారు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. దానికి చెప్పిన కారణం దేశ భద్రత, పిల్లల హింస కాదు. మరుసటి ఏడాదే అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. 2022 జూలైలో మళ్లీ పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది, ఈసారి 18 ఏళ్లలోపువాళ్లకు రోజుకు మూడు గంటలన్న హద్దుతో. దక్షిణ కొరియాలో 16 ఏళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా ఆన్‌లైన్ గేమ్‌లు ఆడకూడదని 2011లో చట్టమే తెచ్చారు. పదేళ్లు నడిపి ఎత్తేశారు. కాబట్టి పై నుంచి ఎవరో వచ్చి ఆపుతారని మీరు ఎదురుచూడకండి. మీ ఇంట్లో దీపం ఎన్ని గంటలకు ఆరుతుందో ఢిల్లీ వాళ్లు చూడలేరు.

ఫోన్ మళ్లీ ఇవ్వాలా వద్దా. మీ ముందు ఉన్న దారులు చెబుతాను, నిర్ణయం మీరూ మీ ఆయనా కలిసి తీసుకోవాలి.

ఇక ఇవ్వకూడదని అనుకుంటే, వెంటనే దొరికే లాభం నిద్ర. పది పదిహేను రోజుల్లో మొహం తేటపడుతుంది. కానీ పాత దోస్తులతో ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. ఊళ్లో ఎవరిదో ఫోన్ పట్టుకుని దొంగతనంగా ఆడతాడు, అప్పుడు ఏం ఆడుతున్నాడో, ఎవరితో ఆడుతున్నాడో మీకు అసలే తెలియదు. ఈ దారి పట్టేటట్టయితే ఆ ఇద్దరు దోస్తులను ఆదివారం ఇంటికి పిలవండి. తలా రెండు గారెలు పెట్టి వాకిట్లో క్రికెట్ ఆడుకోనివ్వండి. వాడి నుంచి ఆటను తీసేసినా మనుషులను తీసేయకండి.

కొన్ని షరతులతో ఇవ్వాలనుకుంటే, గొడవ మీకు ఎక్కువ. మొదటి మూడు వారాలు రోజూ వాదన ఉంటుంది, దానికి సిద్ధపడి మొదలుపెట్టండి. వాడికి సొంత ఫోన్ వద్దు, మీ ఫోన్‌లో, ముందు గదిలో, మీరు బీడీలు చుట్టే చోటే కూర్చుని ఆడాలి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ మీ చాట పక్కన ఉండాలి. నిమిషాల లెక్క పెట్టకుండా మ్యాచ్‌ల లెక్క పెట్టండి. ఆటను బట్టి ఒక్కో మ్యాచ్ పది నిమిషాల నుంచి అరగంట పడుతుంది. మధ్యలో లాక్కుంటే జట్టులో మిగతా ముగ్గురు నష్టపోతారు, వాడి కోపం సగం అక్కడే పుడుతుంది. "రెండు మ్యాచ్‌లు, అంతే" అంటే వాడికి న్యాయంగా అనిపిస్తుంది. హద్దు దాటితే మర్నాడు ఆట లేదు, కొట్టడం మాత్రం ఉండదు. ఈ ముక్క ముందే వాడికి చెప్పండి.

లేదంటే ఇప్పుడప్పుడే ఏమీ తేల్చకుండా, సంక్రాంతి దాకా ఆట ఆపి, అప్పుడు నలుగురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు ఇంట్లో అందరి మనసులూ కాలిపోయి ఉన్నాయి కాబట్టి నాకు ఇది బాగానే తోస్తోంది. ఎందుకు ఆపామో, ఎప్పటిదాకానో తేదీతో సహా వాడికి చెప్పడం మరిచిపోవద్దు. తేదీ లేని శిక్షను పిల్లలు శిక్షగా కాదు, పగగా చూస్తారు.

షరతులు పెట్టినా లెక్కచేయకుండా, చదువూ తిండీ స్నేహాలూ అన్నీ పాడవుతున్నా ఆపలేకపోతున్నాడని తర్వాత కూడా అనిపిస్తే, అది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్ అని జబ్బుల పట్టికలో చేర్చింది. మామూలుగా ఏడాది పాటు అలా సాగితేనే డాక్టర్లు ఆ పేరు పెడతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటివాటి కోసమే 2014 నుంచి ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. మీ వాడు అక్కడిదాకా వెళ్లాడని మీ ఉత్తరం చూస్తే నాకు అనిపించలేదు, ఆగస్టు దాకా ఆదివారాలు ఆట వదిలి చెరువుకు ఈతకు పోయేవాడని మీరే రాశారు.

స్కూల్ విషయం. టీసీ ఇస్తామని బెదిరించారు కదా. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లాణ్ని బడి నుంచి తీసేయకూడదు. ఈ మాట కొట్లాటకు వెళ్లినట్టు కాకుండా మర్యాదగా చెప్పండి. వెళ్లేటప్పుడు ఆ బాటిల్ తీసుకెళ్లండి. టేబుల్ మీద పెట్టి, "సార్, మా వాడు చేసింది తప్పే. క్షమాపణ చెప్పిస్తాం. ఈ మాట ఎవరు రాశారో, అయిదు నెలలుగా ఎవరు పిలుస్తున్నారో మీరు కనుక్కోండి" అనండి. ఇంగ్లిష్ టీచర్‌ను కూడా కలవండి. వాడితో క్లాసులో గట్టిగా చదివించకుండా కొన్నాళ్లు విడిగా చదివించమని అడగండి. నాకు తెలిసి చాలామంది టీచర్లు ఈ ఒక్క పని కాదనరు.

అక్కడే ఉంచితే ఈ ఏడాది గడవడం కష్టమే, కానీ తప్పు చేశాక కూడా అదే చోట తలెత్తుకుని నిలబడొచ్చని వాడికి తెలుస్తుంది. స్కూల్ వాళ్లు బాటిల్ చూసి కూడా తేలిగ్గా తీసుకుంటే మటుకు మార్చడమే మేలు. జూన్‌లో మారిస్తే చదువుకు దెబ్బ తక్కువ. తిరిగి ఊరి బడికే పంపడం మీ ఆయనకు ఓటమిలా అనిపించవచ్చు. దోస్తులు దొరుకుతారు, వ్యాన్ ఉండదు, రోజూ మూడు గంటలు మిగులుతాయి. ఇంగ్లిష్‌కు ట్యూషన్ పెట్టొచ్చు. నలుగురూ ఏమంటారో అన్నది పక్కన పెట్టి ఈ లెక్క వేయండి.

పోలీస్ కంప్లయింట్ గురించి మరీ భయపడకండి. 18 ఏళ్లలోపు పిల్లల్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. విషయం వెళ్తే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు వెళ్తుంది. లాయర్ కావాల్సి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పిల్లలకూ ఆడవాళ్లకూ ఉచితంగా ఇస్తారు. అయితే అంతదాకా పోకముందే మీరు చేయాల్సింది ఒకటుంది. ఆ పిల్లాడి ఇంటికి వెళ్లాలి. మీరూ, మీ ఆయనా, అబ్బాయీ. బతిమాలి కంప్లయింట్ ఆపించడానికి అని వెళ్తే వాళ్లకు తెలిసిపోతుంది. ఎలా ఉన్నాడో చూడటానికి వెళ్లండి. కుట్లకూ మందులకూ ఎంతయిందో అడిగి ఇవ్వండి. ఆ రోజు ఇస్లాండ్ సంగతి ఎత్తకండి. మీ వాడు నోటితో ఒక్క వాక్యం చెబితే చాలు, "నేను కొట్టకూడదుండె." దాని వెనక 'కానీ' రాకూడదు. వాళ్లు గుమ్మంలోంచే పంపేయవచ్చు. పంపినా వెళ్లినట్టే.

ఇక మీ ఆయన సంగతి. రాయడానికి నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే ఆయన మీద నాకు జాలి కలిగింది. పదకొండేళ్లు, అంటే వీడికి రెండేళ్లప్పుడు వెళ్లారు. రెండేళ్లకోసారి నెల రోజులు వచ్చి పోయేవారని రాశారు. ఆ మిగతా రోజులన్నీ వీడికి బాపు అంటే ఫోన్లో కనిపించే మొహం. అన్నం తింటున్నావా, మార్కులెన్ని, ఫోన్ అమ్మకియ్యి. ఆయన పగలగొట్టిన ఫోన్ మస్కట్ నుంచి ఆయన పంపిందే. ఆ సుత్తి దెబ్బతో గేమ్ ఒక్కటే పోయిందని ఆయన అనుకుని ఉంటారు. పిల్లాడికి ఇంకేం విరిగిందో మనకు తెలియదు.

బెల్టు గురించి నాకు ఏ మొహమాటమూ లేదు. అది ఆగాలి. కోపం వస్తే చేతిలో ఉన్నదానితో కొట్టడం పిల్లాడు ఎక్కడ నేర్చుకున్నాడని అందరూ ఫోన్లో వెతికారు. ఉగాది నుంచి ఇప్పటికి బెల్టు ఎన్నిసార్లు తీశారో మీరే రాశారు, నాలుగు. ఆటలో పడే దెబ్బ ఒంటికి తగలదు. ఇది తగులుతుంది, పైగా తను ఎంతగానో ఎదురుచూసిన మనిషి చేతి నుంచి. ఈ మాట మీరు ఆయనతో గొడవలో అనొద్దు. వినరు. పిల్లలు పడుకున్నాక, ఆయన భోంచేశాక, ఈ ఉత్తరం చదివి వినిపించండి. కావాలంటే ఇక్కడి నుంచి ఆయనకే రాసినట్టు అనుకోండి.

అన్నా, మీరు పిల్లల కోసమే అన్ని ఎండాకాలాలు ఆ ఎడారిలో పనిచేశారు. మీరు వచ్చేటప్పటికి వాడు మీకు కొత్త, మీరు వాడికి కొత్త. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ వాడు "బాపు మళ్ల ఎప్పుడు పోతడు" అని చెల్లెను అడిగాడు. మీరు వెళ్లిపోవాలని అడిగాడో, వెళ్లిపోతారేమో అన్న భయంతో అడిగాడో నాకు తెలియదు, మీ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ వాణ్ని అడగలేదు. ఏ చెరువులో మీరు చిన్నప్పుడు ఈత నేర్చుకున్నారో ఆ చెరువుకే ఆదివారం వాణ్ని తీసుకుపోండి. స్కూల్ గురించి ఎత్తకండి. గేమ్ గురించి అసలే ఎత్తకండి. వాడే ఎత్తితే వినండి.

అమ్మా, నెల తర్వాత మళ్లీ రాయండి. రాసేటప్పుడు ఆ దెబ్బ తగిలిన బాబు పేరేమిటో, కుట్లు విప్పారో లేదో, అది కూడా రాయండి.